నూట అరవై డాలర్ల స్టెన్‌గన్ బొమ్మ: వెల్డింగ్ మరీ నున్నగా ఉంది

మొదటే చెప్పేస్తాను, ఇది పేలదు. గొట్టం పూర్తిగా మూసేసి ఉంటుంది. చివర ఆరెంజ్ రంగు ప్లాస్టిక్ ప్లగ్. లోపల తూటాను గొట్టంలోకి నెట్టే బోల్టు ముందుకీ వెనక్కీ కదులుతుంది, అంతే. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ స్టెన్ తుపాకీలో రెండో రకం, మార్క్ 2కి అసలు సైజులో చేసిన లోహపు నమూనా ఇది. మా అబ్బాయి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఈసారి మేం వచ్చినప్పుడు నా డెబ్బయ్యో పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో తెప్పించి ఇచ్చాడు. షిప్పింగ్‌తో కలిపి నూట అరవై డాలర్లయిందని కోడలు చెప్పింది. వాడు చెప్పలేదు. చేసిన కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తిట్లు కూడా ఉన్నాయి. ఐదుకు మూడు మార్కులు వేస్తున్నాను. ఆ పోయిన రెండు మార్కుల గురించే ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి.

నేనెవరో చెబితే గానీ నా గోల అర్థం కాదు. బాలానగర్‌లో ముప్పై నాలుగేళ్లు ప్రెస్ టూల్స్ చేశాను. ఫ్యాన్ రెగ్యులేటర్ మూత దగ్గర్నుంచి స్కూటర్ బ్రాకెట్ దాకా రేకును కొట్టి ఆకారం తెప్పించడమే నా బతుకు. మా బాపు ఒక జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో ఆర్మరర్. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో కూర్చుని 303 రైఫిళ్లు, స్టెన్‌గన్లు విప్పి, తుడిచి, నూనె పెట్టి మళ్లీ బిగించేవాడు. ఇంటికొస్తే చేతుల నుంచి కిరోసిన్, గన్ ఆయిల్ కలిసిన వాసన వచ్చేది. దసరా ఆయుధ పూజ రోజు మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్లు. వరసగా పేర్చిన తుపాకులకు కుంకుమ బొట్లు, బంతిపూల దండలు. 303లు పెళ్లికొడుకుల్లా ఉండేవి, నున్నటి చెక్క, ఇత్తడి బట్ ప్లేటు. చివర్లో పేదింటి చుట్టాల్లా స్టెన్లు. నేను ముట్టుకున్నది స్టెన్‌నే. గొట్టానికి, తూటాలుండే మ్యాగజైన్ దూర్చే డబ్బాకి మధ్య వెల్డింగ్ గడ్డలు గడ్డలుగా ఉండి వేలికి గరుకుగా తగిలింది. ఆ గరుకు నాకింకా గుర్తుంది.

ఈ బొమ్మలో లేనిది అదే.

పార్సిల్ సంగతి ముందు చెప్పి పని ముగిస్తాను. అట్టపెట్టె గట్టిది, లోపల ఫోమ్ కూడా సరిగ్గా కోశారు, దెబ్బలేమీ తగల్లేదు. టేపు పెట్టి కొలిస్తే పొడవు ముప్పై అంగుళాలు, అసలు మార్క్ 2 పొడవూ అంతే. బరువు చూడటానికి మా ఇంట్లో సూట్‌కేసులు తూచే తక్కెడకు వేలాడదీశాం. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. అసలుది ఖాళీగా మూడు కిలోల దాకా ఉంటుంది. ఫర్వాలేదు, చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. భుజానికి ఆనించే బట్ ఇనుప చువ్వను వంచినట్టుండే చట్రం, విప్పితే ఊడి వస్తుంది. మ్యాగజైన్ డబ్బా కూడా అసలుదానిలాగే గొట్టం చుట్టూ పావు వంతు తిరిగి, ఖాళీ తూటాలు బయటపడే కన్నాన్ని మూసేస్తుంది, లోపలికి దుమ్ము పోకుండా. ఈ చిన్న విషయాన్ని వదిలిపెట్టనందుకు ఒక పూర్తి మార్కు.

మా మనవడు తొమ్మిదేళ్ల వాడు. పెట్టె తెరవగానే, "తాతా, ఇది హోమ్ డిపోలో కొన్నారా? పైపులా ఉంది" అన్నాడు. అది ఇక్కడ పైపులు, పనిముట్లు అమ్మే దుకాణం. నాకు నవ్వాగలేదు. 1941లో దీన్ని చేతిలో పెట్టినప్పుడు బ్రిటిష్ సిపాయిలు అన్నదీ అదే. వాళ్ల దేశంలో చవక సామాను అమ్మే వూల్‌వర్త్స్ దుకాణం పేరు పెట్టి 'వూల్‌వర్త్స్ తుపాకీ' అన్నారు. 'ప్లంబర్ పీడకల' అనీ అన్నారు. ఎనభై ఏళ్ల తర్వాత ఫ్రిస్కోలో పుట్టిన పిల్లాడికి అదే మాట తోచిందంటే, ఆకారం మటుకు ఈ కంపెనీవాళ్లు సరిగ్గానే పట్టుకున్నట్టు.

ఇక వెల్డింగ్ గురించి.

ఈ నమూనా జింక్ మిశ్రమాన్ని అచ్చులో పోసి చేసింది. గొట్టం, డబ్బా, ట్రిగ్గర్ పెట్టె అన్నీ పోత. అతుకుల దగ్గర వెల్డింగ్ ఉన్నట్టు ఒక సన్నటి గీత పోతలోనే తెప్పించారు. ఎంత నున్నగా ఉందంటే మా టూల్ రూమ్‌లో ఏ వెల్డరూ అంత నున్నగా వేసి ఎరగడు. మీద సమంగా నల్ల రంగు. చూడ్డానికి బాగుంది. అసలు స్టెన్ చూడ్డానికి బాగుండదు, బాగుండకూడదు కూడా. దాని అందవికారం ఎవరి చేతకానితనమో కాదు. కూర్చుని లెక్కేసి తెచ్చుకున్న వికారం అది.

1940 మే, జూన్‌లో డంకర్క్ నుంచి బ్రిటన్ మూడు లక్షల ముప్పై ఎనిమిది వేల మందిని ఓడల మీద వెనక్కి తెచ్చుకుంది. మనుషులు వచ్చారు గానీ తుపాకులు, ఫిరంగులు, బండ్లు చాలావరకు ఫ్రాన్స్‌లోనే ఉండిపోయాయి. రేపో మాపో జర్మన్లు సముద్రం దాటొస్తారని దేశమంతా టెన్షన్. సిపాయి చేతిలో పట్టుకుని గబగబా కాల్చే సబ్‌మెషిన్ గన్ బ్రిటన్‌కు సొంతంగా లేదు. అమెరికా నుంచి థాంప్సన్ కొన్నారు. యుద్ధం మొదట్లో ఒక్కోటి రెండు వందల డాలర్ల పైమాటే. అది మంచి తుపాకీ, కానీ చాలా భాగాలు ఉక్కు దిమ్మను మిల్లింగ్ మెషిన్ మీద గంటల తరబడి చెక్కి తీసినవే. పైగా అట్లాంటిక్ దాటి రావాలి, దారిలో జలాంతర్గాములు. ఇంట్లోనే చేద్దామని జర్మన్ ఎం.పి. 28ను చూసి లాంచెస్టర్ అని ఒకటి చేశారు. దానికి ఇత్తడి మ్యాగజైన్ డబ్బా, రైఫిల్‌కున్నట్టు చెక్క బట్, బయొనెట్ కూడా. ఇల్లు కాలుతుంటే నగిషీ చెక్కిన బిందె చేయించుకున్నట్టుంది. అది చివరికి నేవీకి పోయింది.

ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో మేజర్ రెజినాల్డ్ షెపర్డ్, హెరాల్డ్ టర్పిన్ అని ఇద్దరు ఆ లాంచెస్టర్ నుంచే ఒక్కోటీ తీసేస్తూ పోయారు. 1941 జనవరి నాటికి నమూనా చేతికొచ్చింది. వాళ్లిద్దరి పేర్లలో మొదటి అక్షరాలు, ఎన్‌ఫీల్డ్‌లో మొదటి రెండూ కలిపితే స్టెన్. మొదటి మార్క్‌లో ముందు పట్టుకోవడానికి కొంచెం చెక్క, గొట్టం కొసన మంట కనపడకుండా ఒక కోన్ ఉండేవి. మార్క్ 2కి వచ్చేసరికి అవి కూడా ఎగిరిపోయాయి. మొత్తం భాగాలే తక్కువ. లేత్ మీదో మిల్లింగ్ మీదో చేయక తప్పనివి తూటా దూసుకెళ్లే బ్యారెల్, బోల్టు లాంటివి కొన్నే. మిగతావి రేకును ప్రెస్సులో కొట్టినవీ, పైపు ముక్కలూ, స్ప్రింగులూ.

ఇక్కడ నా వృత్తి మాట కొంచెం చెబుతాను, ఇష్టం లేనివాళ్లు దాటెయ్యండి. తుపాకుల కొరత అంటే ఉక్కు కొరతని చాలామంది అనుకుంటారు. అసలు కొరత మిల్లింగ్ మెషిన్లకీ, వాటి మీద నిలబడే మనిషికీ. మంచి మిల్లర్ తయారుకావాలంటే ఏళ్లు పడుతుంది. బ్రెన్ అనే మెషిన్ గన్ బాడీని ఒకే ఉక్కు దిమ్మలోంచి చెక్కాలి. అలాంటి పని చేసే షాపులు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. అదే రేకు పనైతే రేకుకు ఆకారమిచ్చే అచ్చు, అంటే డై చేసేవాడొక్కడు గట్టోడైతే చాలు. మిగతావాళ్లు పెడల్ తొక్కుతారు. నిన్న కుట్టుమిషన్ తొక్కిన అమ్మాయి ఇవాళ ప్రెస్సు తొక్కగలదు. స్టెన్ గీసినవాళ్లు సిపాయిని మనసులో పెట్టుకుని గీయలేదు. వీధి చివర ఉన్న చిన్న వర్క్‌షాపును మనసులో పెట్టుకుని గీశారు. బాలానగర్‌లో ఏ రేకుల షెడ్డుకైనా ఆ డ్రాయింగులు ఇస్తే ఓనర్ తల గోక్కుని, "ఎప్పటికి కావాలి సార్" అనే అడిగేవాడు.

ఈ మాట ఊరికే అనడం లేదు. మార్క్ 3 చేసింది ఎవరనుకున్నారు? లైన్స్ బ్రదర్స్. లండన్ మెర్టన్‌లో పిల్లల బొమ్మలు చేసే కంపెనీ. ముగ్గురు అన్నదమ్ములు, ఇంటిపేరు లైన్స్. మూడు గీతలు కలిస్తే త్రిభుజం కదా, అందుకని బొమ్మల మీద ట్రై-ఆంగ్ అని ముద్ర వేసేవాళ్లు. తోపుడు బండ్లు, పిల్లలెక్కి తొక్కే కార్లు చేయడానికి రేకు కొట్టే ప్రెస్సులు వాళ్ల దగ్గర ముందే ఉన్నాయి. మార్క్ 3లో పైపు కూడా అక్కర్లేదు, రేకును గుండ్రంగా చుట్టి పైన పొడవునా ఒకే వెల్డు. బ్యారెల్ ఊడి రాదు, పాడైతే బాగుచేయడానికి లేదు. అలాంటివి ఎనిమిది లక్షల డెబ్బై వేలకు పైగా చేశారు. నిర్మల్ బొమ్మలు చేసేవాళ్లను పిలిచి మీ రంగులు పక్కన పెట్టండి, తుపాకులు చేయండి అన్నట్టు. అప్పుడు బొమ్మల కంపెనీ తుపాకీ చేసింది, ఇప్పుడు ఒక కంపెనీ ఆ తుపాకీకి బొమ్మ చేసి నాకమ్మింది. బొమ్మే అసలుదాని కంటే ముచ్చటగా ఉండటం నాకు మింగుడు పడటం లేదు.

ధర సంగతి. స్టెన్ ఒక్కోటి రెండు, రెండున్నర పౌన్లలో తయారయ్యేది. అప్పటి లెక్కన పౌనుకు పదమూడు రూపాయల చిల్లర, అంటే ముప్పై మూడు రూపాయలనుకోండి. ఒక థాంప్సన్ డబ్బుతో దాదాపు ఇరవై స్టెన్లు. అన్ని రకాలూ కలిపి నలభై లక్షల దాకా చేశారు. అమెరికావాళ్లకు కూడా తర్వాత బుద్ధొచ్చి, థాంప్సన్ పక్కన పెట్టి 1942 చివర్లో ఎం3 అని ఒకటి తీసుకున్నారు. దాన్ని జనరల్ మోటార్స్‌లో కార్ల హెడ్‌లైట్లు చేసే విభాగం చేసింది. రేకును లోతుగా లాగడం హెడ్‌లైట్ వాళ్లకు వచ్చినట్టు ఇంకెవరికొస్తుంది! రష్యాలో పీపీఎస్‌హెచ్ తుపాకీకి 7.3 గంటల మెషిన్ పని పట్టేది, 13.9 కిలోల ఉక్కు పోసేవాళ్లు. చుట్టూ ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో సుదయెవ్ అనే ఇంజనీరు పీపీఎస్ చేసి ఆ లెక్కను 2.7 గంటలకు, 6.2 కిలోలకు దించాడు. ఊరికి ఉక్కు రావడమే కష్టం మరి.

మళ్లీ బొమ్మ దగ్గరికొస్తాను. దీని మ్యాగజైన్ నాకు చాలా నచ్చింది, అదే దీని రెండో తప్పు. నిలువునా కాకుండా ఎడమ పక్కకు అడ్డంగా పెట్టాలి, పెడితే టక్కుమని కూర్చుంటుంది, కదలదు. బాపు ఉంటే నవ్వేవాడు. అసలు స్టెన్‌లో ప్రాణం తీసింది మ్యాగజైనే. జర్మన్ తుపాకుల మ్యాగజైన్ పద్ధతినే తీసుకున్నారు, దాని జబ్బుతో సహా. 32 తూటాలు రెండు వరసల్లో ఉంటాయి. పైకొచ్చేసరికి రెండు వరసలూ కలిసి ఒకే వరసలో బయటికి రావాలి. రెండు బస్సుల జనం ఒకే తలుపులోంచి తోసుకున్నట్టు. ఆ తలుపు అంచులు రేకే కదా, కింద పడితే వెంట్రుకవాసి వంగుతాయి, ఇసుక రేణువు పడినా చాలు, తూటా అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. అందుకే సిపాయిలు 32 పట్టేదాంట్లో 30కి మించి పెట్టేవాళ్లు కాదు. మ్యాగజైన్‌నే పిడిలా పట్టుకుని కాలిస్తే డబ్బాలో అది కదిలి ఇంకా మొరాయించేది. చెయ్యి అక్కడ వేయొద్దని ట్రైనింగ్‌లో పదే పదే చెప్పేవాళ్లు. పట్టుకోవడానికి ఇంకేమీ లేకుండా చేసి, అక్కడ పట్టుకోకు అంటే ఎలా?

1942 మే 27న ప్రాగ్‌లో నాజీ అధికారి హైడ్రిష్ కారు మలుపు దగ్గర నెమ్మదించినప్పుడు చెకోస్లోవాక్ సిపాయి యోజెఫ్ గాబ్చిక్ రోడ్డు మీదికొచ్చి గురిపెట్టింది స్టెన్‌తోనే. పేలలేదు. పక్కనున్న యాన్ కుబిష్ బాంబు విసరబట్టి ఆ పని జరిగింది, హైడ్రిష్ జూన్ 4న చనిపోయాడు. ఎందుకు పేలలేదో రకరకాలుగా చెబుతారు. నా అనుమానం నాకుంది గానీ రుజువు లేనిది రాయను.

రేకు పని చేసినవాడిగా నా తీర్పు ఇది. స్టెన్‌లో చెక్క తీసేశారు, రంగు తీసేశారు, నునుపు తీసేశారు. అన్నీ ఒప్పే. మ్యాగజైన్ దగ్గర మటుకు కూర్చుని ఇంకో ఆరు నెలలు పని చేయాల్సింది. కానీ ఆ ఆరు నెలలే వాళ్ల దగ్గర లేవు. మార్చి నెలాఖరు డిస్పాచ్ చూసిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. అంచుల గరుకు, అదే బర్, తీయకుండానే పీసులు పెట్టెల్లోకి పోతాయి, కస్టమర్ ఫోన్ ఏప్రిల్‌లో వస్తుంది.

స్టెన్‌కు ఆ ఫోన్ 1944లో వచ్చింది. జర్మన్లు వస్తారన్న భయం పోయి, తామే ఫ్రాన్స్‌లో దిగబోతున్నప్పుడు మార్క్ 5 తెచ్చారు. చెక్క బట్, చెక్క పిడి, రైఫిల్‌కుండే ముందు గురి. పారాచూట్ దళాలకు ముందిచ్చారు, నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్ యుద్ధంలో దాన్ని వాడారు. మ్యాగజైన్ మటుకు పాతదే! దాన్ని సరిగ్గా బాగుచేసింది జార్జ్ ప్యాచెట్. ఆయన చేసిన తుపాకీయే తర్వాత స్టెర్లింగ్ పేరుతో 1953లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చింది. దాని మ్యాగజైన్‌లో తూటాలను నెట్టే ముక్కకు రోలర్లు పెట్టాడు, రెండు వరసల నుంచీ మార్చి మార్చి తూటా వచ్చేట్టు చేశాడు. మన కాన్పూర్‌లో చేసిన 9 ఎం.ఎం. కార్బైన్ దాని లైసెన్సు రూపమే. మన పేపర్లలో మటుకు పొట్టి తుపాకీ ఏదైనా స్టెన్‌గనే. 1984లో ఇందిరా గాంధీ హత్య వార్తల్లోనూ స్టెన్‌గన్ అనే విన్నాం. అది కార్బైన్ అని బాపు పేపరు చేత్తో పట్టుకుని మరీ వాదించాడు, వినేవాళ్లెవరూ లేకపోయినా.

ఈ పేద చుట్టానికి దక్కిన మర్యాద ఒకటుంది. 1944 చివర్లో ఓడిపోతున్న జర్మన్లు దీన్నే నకలు కొట్టారు. రైఫిళ్లకు పేరుమోసిన మౌజర్ కంపెనీ చేత బ్రిటిష్ ముద్రలతో సహా స్టెన్లు చేయించారు. తర్వాత మ్యాగజైన్ కిందికి పెట్టి, ఇంకా తేలిక చేసి ఎం.పి. 3008 అని తెచ్చారు. నాలుగేళ్ల కిందట బ్రిటన్‌కు పట్టిన గతే వాళ్లకూ పట్టింది, అదే డ్రాయింగు అవసరమైంది.

నమూనాలో మూడో తప్పు చిన్నదే. అసలుదాన్ని కింద పడేస్తే బోల్టు వెనక్కి ఎగిరి, తూటాను లాక్కుని దానంతటదే పేలే ప్రమాదం ఉండేది. బాపు చూస్తుండగా ఒకాయన బట్‌ను రాతి గచ్చు మీద టప్పున పెట్టాడట, పై పెంకుల్లోంచి ఆకాశం కనపడిందట. ఏ ఊరో, ఎవరో బాపు చెప్పలేదు, చెప్పినా నేను రాయను. తర్వాత్తర్వాత చేసిన స్టెన్లలో బోల్టు పిడిని లోపలికి నొక్కితే గొట్టానికి అవతల కన్నంలో దూరి కదలకుండా ఆగేది. ఈ బొమ్మలో పిడి పోతపోసిన మొద్దు ముక్క, నొక్కితే దిగదు. స్ప్రింగు కూడా మరీ మెత్తన, బాల్‌పెన్ స్ప్రింగులా ఉంది. తోలు పట్టీ పేరుకే తోలు. వాసన చూశాను, రెక్సిన్.

కొనచ్చా అంటే, యుద్ధాల చరిత్ర ఇష్టమైనవాళ్లు గోడకు పెట్టుకోవడానికి కొనుక్కోండి, ఆకారం నిజాయితీగా ఉంది. రోడ్డు మీదికి తీసుకెళ్లకండి, కారులో కూడా పెట్టకండి, ఆరెంజ్ ప్లగ్ పీకకండి. దూరం నుంచి చూసే పోలీసుకు ఇది బొమ్మ కాదు. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకుందామనే ఆలోచన అసలొద్దు. నాకా ఆలోచన వచ్చింది, మావాడు దండం పెట్టాడు. కోడలు హాల్లో వద్దంది కాబట్టి గరాజ్‌లో, వైస్ పక్కన మేకుకు వేలాడుతోంది.

పోయిన వారం ఎవరూ లేనప్పుడు ఒక పని చేశాను. మన ఎంసీల్ లాంటి ఎపాక్సీ పుట్టీ ఇక్కడా దొరుకుతుంది. కొంచెం పిసికి, గొట్టానికీ మ్యాగజైన్ డబ్బాకీ మధ్యనున్న ఆ నున్నటి గీత మీద చిన్న చిన్న ఉండలుగా పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో వెల్డింగ్ గడ్డల్లా వంకరటింకరగా నొక్కాను. ఎండాక ఆకురాయితో అక్కడక్కడా గీకి, నల్ల రంగు పూశాను. రెండు పూటలు పట్టింది. వేలు పెట్టి చూస్తే ఆయుధ పూజ నాటి గరుకు వచ్చింది.

సాయంత్రం లాండ్రీకి గరాజ్‌లోకి వచ్చిన కోడలు దాన్ని చూసి, "అయ్యో, అప్పుడే పాడైపోయిందా మామయ్యా? ముప్పై రోజులు కాలేదు కదా, రిటర్న్ పెట్టేద్దామా?" అంది.